ముందు తేదీ చెప్పప్పా

నేను 1991లో అనంతపురం కోర్టులో నల్లకోటు వేసుకున్నాను. మా సీనియర్ గారికి ఒక అలవాటు ఉండేది. వచ్చినవాళ్లు తమ్ముడు చేసిన అన్యాయం దగ్గర మొదలుపెట్టి, తాతల కాలం దాకా వెళ్లి, కండువాతో కళ్లు తుడుచుకునే దాకా అంతా వినేవారు. విన్నాక ఒక్కటే అడిగేవారు: "అదంతా సరే, ముందు తేదీ చెప్పప్పా." ఈయనకు గుండె అనేది ఉందా అనుకునేదాన్ని. ముప్పై ఏళ్లు దాటాక ఇప్పుడు నేనూ అదే అడుగుతున్నాను. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కష్టం నాలుగు పేజీలు ఉంటుంది, తేదీ ఒక్కటీ ఉండదు. అందుకే ఈ నెల తేదీలు రాసినవాళ్ల ఉత్తరాలే ముందు తీశాను.

ప్రశ్న: మేడం, మాది ఉరవకొండ దగ్గర పల్లె. జేజినాయన నాటి పన్నెండెకరాల మెట్ట ఉంది. నాకు 1983లో పెళ్లయింది. అమ్మ 1996లో, నాయన 1998లో పోయారు. 2003లో అన్న, తమ్ముడు పెద్దమనుషులను కూర్చోబెట్టి స్టాంపు కాగితం మీద చెరి ఆరెకరాలు రాసుకున్నారు. రిజిస్ట్రేషన్ చేయించలేదు. చెనక్కాయ కూడా సరిగా పండని నేల కదా అని నేనూ నోరెత్తలేదు. ఇప్పుడు సోలార్ కంపెనీ వాళ్లు ఎకరాకు ఇంత అని ఏటా కౌలు ఇస్తామంటున్నారు. నా పాలు అడిగితే, "నీ పెళ్లి 1985కు ముందే అయింది, రామారావు చట్టం నీకు వర్తించదు" అంటున్నారు. నిజమేనా? (ఒక సోదరి, పేరు వద్దన్నారు)

జవాబు: అక్కా, మీవాళ్లది గాలిమాట కాదు. ఒకప్పుడు చట్టం అచ్చం అదే. మీవాళ్లన్న రామారావు చట్టం, అంటే హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయిన మన రాష్ట్ర సవరణ, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతోనే కొడుకుతో సమానంగా పాలు ఇచ్చింది. కానీ ఆ రోజుకు పెళ్లి కాని పిల్లలకే అని ఒక మెలిక పెట్టింది. ఒకే ఇంట్లో ఆ ఏడు జూన్‌లో పెళ్లయిన అక్కకు సున్నా, మరుసటి ఏడు పెళ్లయిన చెల్లెలికి పాలు. ఆ ఒక్క తేదీతో అక్కాచెల్లెళ్లు మాటలు మానుకున్న ఇళ్లు నాకు తెలుసు.

2005 సెప్టెంబరు 9న కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించడంతో ఆ మెలిక పోయింది. పెళ్లి ఎప్పుడయింది అన్న ప్రశ్నే లేదు. మీ అన్నదమ్ములు వినీ విననట్టున్న చట్టం ఇదే. అయితే దీని కథ కూడా నేరుగా నడవలేదు. 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అంది. 2018లో దానమ్మ కేసులో, తండ్రి 2001లోనే పోయినా కూతుళ్లకు పాలు ఇచ్చింది. రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే. కింది కోర్టుల్లో మేము ఎవరికి పనికొచ్చే తీర్పు వాళ్లం చేత పట్టుకుని వాదించుకున్నాం.

ఆ రోజుల్లోనే, 2017లో, ధర్మవరం వైపు నుంచి ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. చీర కొంగులో చుట్టి తెచ్చిన పాత పాసుపుస్తకం బల్ల మీద పెట్టింది. తండ్రి 2004లో పోయాడు. తీర్పు చదివి చెప్పి, "దావా వేసి లాభం లేదమ్మా, ఖర్చు దండగ" అని పంపేశాను. 2020 ఆగస్టు 11న ముగ్గురు జడ్జీల బెంచి వినీతా శర్మ కేసులో తేల్చింది: ఈ హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి చావు తేదీతో దానికి పని లేదు అని. ఆ సాయంత్రం పాత డైరీలన్నీ తిరగేసి ఆవిడ నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. "పోనీలే మేడం, పోయినేడే మా అన్న యాభై వేలిచ్చి రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టించుకున్నాడు" అంది. నా మీద కోపం కూడా లేదు ఆమెకు. అన్నట్టు ఆ బెంచిలోని ముగ్గురిలో ఒకరు జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు, తర్వాత మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు.

ఇక మీ అసలు చిక్కు 2003 నాటి కాగితం. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాల జోలికి కొత్త చట్టం పోదు. ఆ బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజు అది. మీవాళ్ల కాగితం అంతకు ముందుదే కదా అని బెంబేలు పడకండి. పంపకం అంటే రిజిస్టరు అయిన పత్రమో, కోర్టు డిక్రీయో అయి ఉండాలని చట్టమే చెప్పింది. పెద్దమనుషుల సంతకాలున్న స్టాంపు కాగితం ఆ రెండూ కాదు. అయినా ఒక జాగ్రత్త. నోటిమాట పంపకాన్ని కూడా, ప్రభుత్వ రికార్డులు గట్టిగా బలపరిస్తే, అరుదుగా ఒప్పుకోవచ్చని వినీతా శర్మ తీర్పులోనే ఉంది. అందుకని మీ అన్నదమ్ములు విడివిడి పాసుపుస్తకాలు, 1-బి (ఎవరి పేరున ఎంత భూమి అని చూపే రికార్డు), అడంగల్ (సాగు రికార్డు) కాపీలు పట్టుకుని వస్తారు. వాటి మీద పేర్లు ఏ సంవత్సరం విడిపోయాయో మీసేవలో తీసి చూడండి. 2004 తర్వాత విడిపోయి ఉంటే వాళ్ల వాదన సగం అక్కడే పడిపోతుంది. పైగా పాసుపుస్తకంలో పేరెక్కినంత మాత్రాన భూమి మీద హక్కు పుట్టదని సుప్రీంకోర్టు చెప్పీ చెప్పీ అలసిపోయింది.

లెక్క చూద్దాం. ఉమ్మడి ఆస్తిలో నాయన, ఇద్దరు కొడుకులు, మీరు, నలుగురు పాలివాళ్లు. తలా మూడెకరాలు. నాయన మూడెకరాలు వీలునామా లేకపోతే ముగ్గురు పిల్లలకు ఎకరా చొప్పున. మీకు నాలుగెకరాలు. ఒకవేళ అది జేజినాయన సొంత సంపాదన, ఆయన 1956 తర్వాత పోయాడు అనుకోండి. అప్పుడది నాయనకు సొంత ఆస్తిగా వచ్చినట్టు. దారి వేరయినా చేరేది అక్కడికే, ముగ్గురికీ సమానంగా నాలుగేసి ఎకరాలు. సరే, మీ అన్నదమ్ముల మాటే నిజమనుకుందాం. అప్పుడు కూడా పన్నెండెకరాల్లో నాయన వంతు నాలుగు, అందులో మీకు మూడో భాగం, ఎకరా ముప్పై మూడు సెంట్లు. పెళ్లయిన కూతురైనా తండ్రి వంతులో వారసురాలే. ఇది 1956 నుంచీ ఉన్నదే. 2003లో ఆ ఎకరా ముప్పై మూడు సెంట్లు కూడా ఎవరూ మీకు చూపించలేదు.

నాకు మీరు రాయని తేదీ ఒకటి కావాలి. "నీకు పాలు లేదు" అని వాళ్లు మొదటిసారి మీ మొహాన చెప్పింది ఎప్పుడు? ఉమ్మడి ఆస్తి నుంచి నెట్టేశారని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లలోపు దావా వేయాలి. మొన్న సోలార్ మాట వచ్చినప్పుడే అయితే టెన్షన్ లేదు. కానీ ఆ కౌలు పత్రం ఇరవై ఏళ్లకు పైబడి రాస్తారు, అది రిజిస్టరు కాకముందే లాయరు చేత అన్నదమ్ములకూ కంపెనీకీ నోటీసు పంపండి. దావా నడుస్తుండగా ఎవరు ఎవరికి రాసిచ్చినా అది తీర్పుకు లోబడే ఉంటుంది. సంక్రాంతికి పుట్టింటి పిలుపు ఆగిపోతుందేమో అని రాశారు. అది నా సబ్జెక్టు కాదక్కా.

ప్రశ్న: ఆదోనిలో పత్తి వ్యాపారం నాది. 2021 జూన్ 12న స్నేహితుడికి రెండు లక్షలిచ్చి ప్రోనోటు రాయించుకున్నాను. 2023 ఆగస్టులో ఇరవై వేలు నగదు ఇచ్చాడు. ఇంత ముట్టిందని నోటు వెనక నేనే చెల్లు రాసుకున్నాను. ఇప్పుడు అడిగితే "నోటు చచ్చిపోయింది పో" అంటున్నాడు. చెల్లు ఉంది కదా మేడం? (ఒక వ్యాపారి)

జవాబు: చెల్లు ఉంది. ఎవరు రాశారన్నదే మీ కేసు మొత్తం.

నోటుకు ఆయుస్సు మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు బాకీదారు కొంత కట్టి, కట్టినట్టు తన చేత్తో రాసినా, ఎవరో రాసినదాని కింద తాను సంతకం పెట్టినా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. కాలపరిమితి చట్టం 19వ సెక్షన్ ఇదే. అప్పిచ్చినవాడు తానే రాసుకున్న చెల్లు డైరీలో రాసుకున్న లెక్క లాంటిది.

నేను కొత్తగా ప్రాక్టీసులో ఉన్నప్పుడు ఇలాంటి నోటు ఒకటి వాదించాను. జడ్జిగారు నోటును కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, ముందు వైపు, వెనక వైపు రెండుసార్లు తిప్పి చూశారు. ముందు నీలం సిరా, వెనక నల్ల సిరా. నల్ల సిరా కింద సంతకం లేదు. ఎదుటి లాయరు మా కక్షిదారును ఒక్కటే ప్రశ్న అడిగాడు: "ఈ చెల్లు రాసింది ఎవరు?" మావాడు ఛాతీ విరిచి, "నేనే సామీ, మా ఇంట్లో అందరికన్నా నా చేతిరాతే బాగుంటుంది" అన్నాడు. బెంచి క్లర్కు కూడా నవ్వాపుకోలేకపోయాడు. నిజం చెప్పి ఓడిపోయాం. బయటికొచ్చాక, "రాత బాలేదా మేడం?" అని అడిగాడాయన.

మీ స్నేహితుడు మర్చిపోయిన తేదీ ఒకటుంది. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది. కాబట్టి మీ మూడేళ్లు 2022 మార్చి 1 నుంచి లెక్క. 2024 జూన్‌లో చావాల్సిన నోటు 2025 ఫిబ్రవరి 28 దాకా బతికింది. మీ ఉత్తరం అది కూడా దాటాకే వచ్చింది. ఆ లోపు ఆయన వాట్సాప్‌లో గానీ, కాగితం మీద గానీ "నీకివ్వాల్సింది ఇస్తాలే" అని రాసింది ఏమైనా ఉంటే తేదీ కనిపించేలా తెచ్చి లాయరుకు చూపించండి, వాదించడానికి కొంత చోటుంటుంది. లేదంటే మిగిలింది ఒక్కటే దారి. గడువు తీరిన బాకీ కూడా తీరుస్తానని ఇప్పుడు కొత్తగా రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్. రాస్తాడా అంటే, చచ్చిపోయింది పో అన్నవాడు రాస్తాడా? పెద్దమనిషి ఒకరిని మధ్యలో పెట్టి చూడండి. రాస్తే మాత్రం రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం తీసుకోవడం మరవకండి. స్టాంపు లేని ప్రోనోటును తర్వాత జరిమానా కట్టి కూడా కోర్టులో నిలబెట్టలేం.

ప్రశ్న: ప్రొద్దుటూరు. నాకు 71, మా ఆవిడకు 66. మగ్గాల మీద సంపాదించి కట్టిన ఇల్లు 2019లో చిన్నకొడుక్కి దానపత్రం రాసి రిజిస్టరు చేశాను. కోడలు ఇప్పుడు మా పొయ్యి వేరు చేసింది. పై గది ఖాళీ చేయమంటున్నారు. పత్రంలో షరతులేమీ లేవు. వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు: అన్నా, సీనియర్ సిటిజన్ల చట్టం 2007లో వచ్చింది, మీ పత్రం ఆ తర్వాతది. కాబట్టి తలుపు మూసుకోలేదు. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాడన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి, చూసుకోకపోతే మోసంతో రాయించుకున్నట్టే లెక్క, రద్దు చేయించుకోవచ్చు. పేచీ అంతా ఆ "షరతు" దగ్గరే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు చూపించాల్సిందే అంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది పెద్దల మేలు కోసం చేసిన చట్టం, ఉదారంగా చదవాలి అని తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేసి ఇల్లు ఆమెకు ఇప్పించింది. కాకపోతే ఆ కేసులో కొడుకు తల్లిదండ్రులను చూసుకుంటానని విడిగా ఒక కాగితం రాసి ఉన్నాడు. పేపర్లలో తీర్పు మాత్రమే వచ్చింది, ఆ కాగితం సంగతి పెద్దగా రాలేదు. అందుకే అడుగుతున్నాను, మీవాడు రిజిస్ట్రేషన్ ముందో వెనకో ఏమైనా రాసిచ్చాడా? తెల్లకాగితం అయినా సరే. అప్పుడు పక్కనున్న సాక్షులు ఎవరు? ఆ పత్రంలో "నన్ను పోషిస్తున్నందున, ఇకముందు కూడా పోషిస్తాడన్న నమ్మకంతో" లాంటి ముక్క ఎక్కడైనా ఉందా? చాలామంది డాక్యుమెంట్ రైటర్లు అలవాటు కొద్దీ రాస్తారు, ఇచ్చినవాళ్లు చదవరు. మీది తెచ్చి ఒకసారి అక్షరం అక్షరం చదివించుకోండి.

అర్జీ ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌లో. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద మీరే రాసి ఇవ్వొచ్చు. దానపత్రం రద్దు అడగడంతో పాటు నెలనెలా పోషణ ఖర్చు కూడా అడగండి, దానికి దానపత్రంతో పని లేదు. పెద్దకొడుకు, కూతురు ఉంటే వాళ్లనూ చేర్చండి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో దానపత్రాలు రాయించేటప్పుడు నేను ఎప్పుడూ ఒక లైను చేర్చమంటాను, "నా జీవితకాలం నన్ను, నా భార్యను పోషించవలెను" అని. కొడుకులు ఏమీ అనరు. తండ్రులే అంటారు, "ఎందుకులే మేడం, మావాడు బంగారం."

ప్రశ్న: కర్నూలు పాతబస్తీ. మా ఆయన తలాక్ ఇచ్చారు. ఇద్దత్ (తలాక్ తర్వాత ఆగాల్సిన గడువు) మూడు నెలలకు డబ్బు ఇచ్చేశాం, ఇక నీకు మాకు సంబంధం లేదంటున్నారు. ఇద్దరు పిల్లలు నా దగ్గరే. (ఒక సోదరి)

జవాబు: చెల్లెమ్మా, మొదట ఆ తలాక్ ఎలా ఇచ్చారో చూడాలి. ఒకేసారి మూడుసార్లు అనేసి ఉంటే అది చెల్లదు, 2019 చట్టం ప్రకారం నేరం కూడా. సక్రమంగా ఇచ్చిన తలాకే అనుకున్నా, ఇద్దత్‌తో బాధ్యత తీరిపోదు. 1985లో షాబానో తీర్పు, 1986లో పార్లమెంటు చట్టం, 2001లో డేనియల్ లతీఫీ తీర్పు, ఈ మూడింటి గొడవలో చాలామందికి చివరికి ఏది మిగిలిందో తెలియకుండా పోయింది. 2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే, సుప్రీంకోర్టు సూటిగా చెప్పింది: విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చు. ఆ 125 ఇప్పుడు కొత్త చట్టంలో 144 అయింది, లాయరు ఆ అంకె చెబితే కంగారు పడకండి.

అర్జీ మీరుంటున్న కర్నూలులోనే వేయొచ్చు, ఆయన ఉద్యోగం ఎక్కడున్నా సరే. పిల్లలకు విడిగా అడగండి. భరణం అర్జీ వేసిన తేదీ నుంచి లెక్కకడతారు, 2020 నవంబరు తీర్పు అది. అంటే మీరు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా పోయినట్టే. మధ్యంతర భరణం అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మన వాయిదాల సంగతి మీరే చూస్తారు.

ప్రశ్న: పక్క స్టేషన్ పరిధి అని ఫిర్యాదు తీసుకోలేదు. ఏం చేయాలి? (డిగ్రీ విద్యార్థి, కడప)

జవాబు: నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్ఐఆర్ కట్టి వాళ్లే బదిలీ చేయాలి. 2024 జూలై 1 నుంచి ఇది చట్టంలోనే ఉంది. ఫిర్యాదు రాతలో ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

ప్రశ్న: అన్నింటికీ తేదీలు చెబుతారు కదా మేడం. మన సీమకు హైకోర్టు బెంచి ఏ తేదీకి వస్తుంది? (రిటైర్డ్ టీచర్, డోన్)

జవాబు: మాస్టారూ, ఇరికించారు. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు అన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956 నవంబరు 1న రెండూ హైదరాబాదు చేరాయి. 2019 జనవరి 1న మన హైకోర్టు అమరావతిలో మొదలయింది. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇవన్నీ నాకు నోటికి వచ్చిన తేదీలు. మీరడిగిన తేదీ చెప్పలేను గానీ, నా అప్పీలు ఒకటి అమరావతిలో గురువారం ఉంది. బుధవారం రాత్రి బస్సుకు టికెట్ చేయించుకున్నాను, కిటికీ సీటు దొరకలేదు.